ఉచిత శిక్షణ, తర్వాత ఉద్యోగం అంటారు కదా: హైదరాబాద్‌లో ఏ స్కీము పనికొస్తుంది?

ఉప్పల్_ప్రవీణ్

నమస్తే అన్నలకు, అక్కలకు. నేను బీకాం కంప్యూటర్స్, 2023లో పాసయ్యాను. వయసు 23. మాది నకిరేకల్ దగ్గర పల్లె, ఇప్పుడు ఉప్పల్‌లో బాబాయి వాళ్లింట్లో ఉంటున్నా. ట్యాలీ వచ్చు, ఎక్సెల్ పని నడిచేంత వచ్చు. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఎక్స్‌పీరియన్స్ ఎంత అనే అడుగుతున్నారు.

కేంద్రానివి, రాష్ట్రానివి కలిపి స్కీముల పేర్లు చదివితేనే తల తిరుగుతోంది. పీఎంకేవీవై, డీడీయూజీకేవై, న్యాప్స్, న్యాట్స్, పీఎం ఇంటర్న్‌షిప్... వీటిలో చేరి నిజంగా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా తమ్ముడు కూడా ఉన్నాడు. 19 ఏళ్లు, ఇంటర్ మధ్యలో ఆపేశాడు, ఊళ్లోనే ఉంటున్నాడు. వాడికీ నాకూ ఒకే దారి కుదరదని తెలుసు, అందుకే ఇద్దరి గురించీ అడుగుతున్నా.

కిరాక్_కిషోర్

ఒక్క ముక్కలో చెప్తా. టీషర్ట్ ఇస్తారు, గ్రూప్ ఫొటో తీస్తారు, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కథ అయిపోయింది. దానికంటే అమీర్‌పేట పోయి మైత్రీవనం దగ్గర ఏదైనా కోర్సు పట్టు.

శైలజ_హెచ్‌ఆర్

కిషోర్ గారూ, ఆ అమీర్‌పేట కోర్సు అయ్యాక వచ్చే రెజ్యూమెలు నా టేబుల్ మీదకే వస్తాయండీ. వేలకు వేలు కట్టి నేర్చుకుంటారు, తర్వాత అక్కడే ఎవరో చెబితే రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పెట్టుకుంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. కోర్సు తప్పని అనను, నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కానీ ప్రవీణ్‌కు ఉన్న సమస్య అనుభవం లేకపోవడం. దానికి ఇంకో కోర్సు మందు కాదు.

ప్రవీణ్, డిగ్రీ ఉన్నవాళ్లు న్యాట్స్ చూడాలి. అది విద్యాశాఖ నడిపే అప్రెంటిస్‌షిప్. మన దక్షిణాది రాష్ట్రాలకు చెన్నైలోని బోర్డు చూస్తుంది. ఇంజనీరింగ్ వాళ్లకే అనుకుంటారు గానీ బీకాం, బీఏ, బీఎస్సీ వాళ్లనూ తీసుకుంటారు. ఏడాది పాటు ఆఫీసులో కూర్చుని పని చేస్తావు. 2019 నాటి రూల్స్ ప్రకారం గ్రాడ్యుయేట్‌కు కనీసం 9 వేలు, డిప్లొమాకు 8 వేలు. అందులో సగం ప్రభుత్వం భరిస్తుంది. ఈ స్టైపెండ్లు 36 శాతం పెంచాలని 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫారసు చేసింది కాబట్టి నువ్వు చేరేటప్పుడు నోటిఫికేషన్‌లో ఎంత రాశారో చూసుకో.

మాజీ_మొబిలైజర్

నేను కొన్నేళ్లు మొబిలైజర్‌గా చేశాను. అంటే ఊళ్లు తిరిగి, సర్పంచ్‌నీ మహిళా సంఘం లీడర్లనీ కలిసి, పిల్లల్ని బ్యాచ్‌లోకి తెచ్చే పని. కిషోర్ చెప్పినట్టు టీషర్ట్‌తో ముగిసే బ్యాచ్‌లు నేనూ చూశాను. కానీ అన్నీ ఒకటే గాటన కట్టొద్దు. సెంటర్ ఎలా నడుచుకుంటుందో తెలియాలంటే దానికి డబ్బు ఎప్పుడు వస్తుందో చూడాలి. నేను చెప్పగలిగేదల్లా ఇదే, మిగతాదంతా దీన్నిబట్టే ఉంటుంది.

పీఎంకేవీవై, అంటే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన అనే ఉచిత శిక్షణ స్కీము, 2015 జూలై 15న మొదలైంది. రెండో విడతలో, అంటే 2016 నుంచి 2020 దాకా, సెంటర్‌కు డబ్బు మూడు దఫాలుగా వచ్చేది. బ్యాచ్ మొదలైతే 30 శాతం, పిల్లలు పరీక్ష పాసై సర్టిఫికెట్ వస్తే 50 శాతం, ఉద్యోగం చూపిస్తే మిగతా 20. అంటే ఉద్యోగం ఊసు లేకుండానే 80 శాతం చేతికొస్తుంది. ఆఖరి 20 కోసం చెప్పులరిగేలా తిరిగే సెంటరూ ఉంటుంది, దాన్ని వదిలేసి కొత్త బ్యాచ్ ఎక్కించుకునే సెంటరూ ఉంటుంది. తర్వాత వచ్చిన నాలుగో విడతలో షార్ట్ టర్మ్ ట్రైనింగ్‌కు ప్లేస్‌మెంట్ ముడి తీసేశారు. పిల్లలు తమకు నచ్చిన దారి ఎంచుకోవాలని దానికి చెప్పే కారణం. సరే, మంచిదే. కానీ "ఉద్యోగం గ్యారంటీ" అని బ్యానర్ కట్టిన పీఎంకేవీవై సెంటర్ కనిపిస్తే ఆ గ్యారంటీ స్కీముది కాదని తెలుసుకోండి.

డీడీయూజీకేవై, అంటే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, లెక్క వేరు. అది గ్రామీణాభివృద్ధి శాఖది, 2014 సెప్టెంబర్‌లో వచ్చింది. 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు, మహిళలకూ దివ్యాంగులకూ 45 దాకా. తిండి, హాస్టల్, యూనిఫాం అన్నీ ఉచితం. నేర్చుకున్నవాళ్లలో కనీసం 70 శాతం మందికి పని చూపించాలి. చూపించడమంటే ఆఫర్ లెటర్ కాదు, వరుసగా 3 నెలలు జీతం తీసుకున్నట్టు ఆధారం ఉండాలి. అందుకే అక్కడ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నీ వెంట పడతాడు. ఉద్యోగం మానేస్తానంటే హాస్టల్‌కు వచ్చి మరీ బతిమాలతాడు. నాలుగో నెలలో ఫోన్ ఎత్తడు. అతని దుర్మార్గమేం కాదు, టార్గెట్ అక్కడికే ఉంది.

ప్రవీణ్, మీ తమ్ముడికి ఇది వర్తించవచ్చు. ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి. ఇంట్లో తెల్ల రేషన్ కార్డు గానీ, ఉపాధి హామీ పనికి వెళ్లిన జాబ్ కార్డు గానీ, అమ్మ సంఘంలో సభ్యురాలైతే ఆ కాగితం గానీ చాలు. హైదరాబాద్ జిల్లాలో ఉండేవాళ్లకు ఇది రాదు, ఇక్కడ పల్లె అనేదే లేదు కదా. సెంటర్ సిటీలో ఉన్నా సీటు మాత్రం పల్లె పిల్లలదే.

ఉప్పల్_ప్రవీణ్

అన్నా, అమ్మ సంఘంలో ఉంది, జాబ్ కార్డు కూడా ఉంది. తమ్ముడికి ఏ కోర్సులు ఉంటాయి?

మాజీ_మొబిలైజర్

సెంటర్‌ను బట్టి ఉంటాయి. రిటైల్ సేల్స్, హోటల్ సర్వీసు, హాస్పిటల్ అటెండెంట్, ఎలక్ట్రీషియన్, డేటా ఎంట్రీ, కాల్ సెంటర్, గోడౌన్ పని. మండలంలో మహిళా సంఘాలను చూసే ఐకేపీ ఆఫీసుకు వెళ్లి అక్కడి అధికారి ఏపీఎంను అడగమను. ఆ ఊరి మీదుగా ఏ బ్యాచ్‌లు వెళ్తున్నాయో ఆయనకు తెలుస్తుంది. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది, మీకు దూరం కాదు. అక్కడ క్యాంపస్‌లోనే ఉండి నేర్చుకునే ఉచిత బ్యాచ్‌లు ఉంటాయి. చేతిపని మీద మోజుంటే అక్కడ కనుక్కోండి.

సీతాఫల్‌మండి_స్వప్న

నేను డీడీయూజీకేవైలో హాస్పిటల్ అటెండెంట్ కోర్సు చేసి వచ్చినదాన్నే, వనపర్తి వైపు. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి చెప్తాను.

శిక్షణ బాగానే జరిగింది. బీపీ చూడటం, పేషెంట్‌ను మంచం మీద తిప్పడం, ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు. కష్టం శిక్షణ అయిపోయిన రోజు నుంచి మొదలవుతుంది. ఆ రోజుతో సెంటర్ హాస్టల్ ఖాళీ చేయాలి. ఉద్యోగం వచ్చిన ఆస్పత్రి ఊరికి ఆ చివర. పేరు వద్దులెండి. అక్కడ దగ్గర్లో ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటే అడ్వాన్స్ అడుగుతారు, నెల ఫీజు ముందే కట్టమంటారు. జీతం వచ్చేది నెల తిరిగాక. నాతో వచ్చిన పిల్లల్లో చాలామంది ఆ మొదటి నెల దాటలేక ఊరికి వెళ్లిపోయారు. పని రాక కాదు, చేతిలో డబ్బు లేక.

స్కీములో దీనికోసమే పోస్ట్ ప్లేస్‌మెంట్ సపోర్ట్ అని ఉంది. నెలకు వెయ్యి. సొంత జిల్లాలో ఉద్యోగమైతే 2 నెలలు, రాష్ట్రంలో వేరే జిల్లా అయితే 3, రాష్ట్రం దాటితే 6 నెలలు. వస్తుంది, కానీ చేతికి అందేసరికి అవసరం దాటిపోతుంది. కాబట్టి తమ్ముడు చేరేటప్పుడే, శిక్షణ అయ్యే నాటికి నెలన్నర హాస్టల్ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో మాట్లాడుకోండి. సంఘంలో చిన్న లోన్ పెట్టుకున్నా సరే.

నైట్ షిఫ్ట్ గురించి కూడా ముందే అడగాలి. అడగకపోతే చెప్పరు. నేను తట్టుకుని ఉండిపోయాను, తర్వాత ఇంకో ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్‌కు మారాను. మా బ్యాచ్‌లో ఇంకా అదే పని చేస్తున్నవాళ్లు తక్కువ, కానీ సిటీలోనే ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లు చాలామందే.

కిరాక్_కిషోర్

చూశారా, అదే పని చేస్తున్నవాళ్లు తక్కువట. మరి అన్ని నెలలు నేర్పింది దేనికి? ప్రభుత్వం సొమ్ము దండగ.

సీతాఫల్‌మండి_స్వప్న

మీరు చదివిందే చేస్తున్నారా కిషోర్ గారూ?

కిరాక్_కిషోర్

మెకానికల్ చదివి మెడికల్ కోడింగ్ చేస్తున్నా. సరే, ఒప్పుకున్నా, ముందుకు పోనివ్వండి.

బాలానగర్_టర్నర్

తమ్ముడు ఇంటర్ ఆపేశాడంటే పది పాసయ్యాడు కదా? అయితే ఈ మూడు నెలల కోర్సులు పక్కనపెట్టి ఐటీఐలో వేయండి. మా బాలానగర్‌లో, జీడిమెట్లలో, చర్లపల్లిలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద పనిచేసే కుర్రాడు దొరక్క షెడ్ల ముందు బోర్డులు పెట్టుకుంటున్నారు.

నేను ఐటీఐ టర్నర్. అయ్యాక ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఏడాది అప్రెంటిస్ చేశాను. మన సిటీలో ఈసీఐఎల్, బీడీఎల్, మిధాని, బీహెచ్ఈఎల్, హెచ్ఏఎల్ ఇన్ని ఉన్నాయి, సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఉంది. వీళ్లంతా అప్రెంటిస్‌లను తీసుకుంటారు. చాలాచోట్ల రాతపరీక్ష ఉండదు, మార్కులే మెరిట్. అందుకే ఐటీఐలో మార్కులు గాలికొదిలేయొద్దని జూనియర్లకు మొత్తుకుంటుంటా. స్టైపెండ్ ఏడాది ట్రేడ్ వాళ్లకు 7,700, రెండేళ్ల ట్రేడ్ వాళ్లకు 8,050 ఇస్తూ వచ్చారు. గొప్పేం కాదు. కానీ లిమిట్స్ అంటే, అదే కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో, మైక్రోమీటర్ పట్టుకుంటే చెయ్యి ఎలా వణకకూడదో అక్కడే తెలిసింది.

అప్రెంటిస్ చేస్తే అక్కడే పర్మనెంట్ చేస్తారనుకుని వస్తారు కొందరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టంలోనే ఉంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని యజమాని మీద బాధ్యత లేదు. రైల్వేలో మాత్రం కోర్సు పూర్తి చేసిన అప్రెంటిస్‌లకు కింది స్థాయి లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. దానికీ పరీక్ష రాయాల్సిందే.

ఇంకో మాట, మల్లేపల్లి ఐటీఐ చూసి రండి. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో అక్కడే శంకుస్థాపన చేశారు. రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ కోర్సులు పెట్టారు. మేము చదివినప్పుడు మా లేత్‌కు మా తాత వయసుండేది.

పాతబస్తీ_జాఫర్

మల్లేపల్లి దాకా వచ్చారు కాబట్టి పాతబస్తీ సంగతి కూడా. సెట్విన్ అంటే చాలామందికి ఆ చిన్న బస్సులే గుర్తొస్తాయి. జంట నగరాల నిరుద్యోగుల కోసం 1978లో పెట్టిన సంస్థ అది. శిక్షణ ఇప్పటికీ ఇస్తుంది. టైలరింగ్, మగ్గం పని, ఏసీ ఫ్రిజ్ రిపేర్, కంప్యూటర్. పూర్తిగా ఉచితం కాదు, తక్కువ ఫీజు. ఆ ఫీజు వల్లే క్లాసులో కూర్చునేవాళ్లు నేర్చుకోవడానికే కూర్చుంటారని నా అనుమానం. నేను అలాంటి చోట ఏసీ పని నేర్చుకుని సొంతంగా చేసుకుంటున్నా. ఉద్యోగం ఇప్పిస్తారా అని ఎవరినీ అడగలేదు. ఎండాకాలం వస్తే చాలు.

గ్రంథాలయం_గ్రూప్4

చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఒక డౌట్. అప్రెంటిస్‌గా చేరితే గవర్నమెంట్ నోటిఫికేషన్లకు అప్లై చేసుకోవచ్చా? మధ్యలో వదిలేయొచ్చా?

శైలజ_హెచ్‌ఆర్

అప్లై చేసుకోవడానికి ఇబ్బందేమీ లేదు, అప్రెంటిస్ అంటే ఉద్యోగి కాదు కదా. వదిలేయాలంటే కాంట్రాక్టులో ఏముందో చదవాలి. ప్రొబేషన్‌లో ఉండగా వెళ్లడం వేరు, తర్వాత వెళ్లడం వేరు.

కాంట్రాక్టు అన్నాను కాబట్టి చెబుతున్నా. కొన్ని కంపెనీలు "అప్రెంటిస్" అని లెటర్ ఇస్తాయి, పోర్టల్‌లో మాత్రం కాంట్రాక్టు నమోదు చేయవు. చట్టం కింద నమోదైన అప్రెంటిస్‌కు పీఎఫ్ కట్టనక్కర్లేదు. అది చూసుకుని, మామూలు ఉద్యోగి పనే చేయించుకుంటూ పేరు మాత్రం అప్రెంటిస్ అని పెడతారు. ఏడాది అయ్యాక మీ చేతిలో పీఎఫ్ ఉండదు, సర్టిఫికెట్టూ ఉండదు. చేరిన వారంలో కాంట్రాక్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అది ఉంటే పని చేస్తూ దెబ్బ తగిలినా పరిహారం అడిగే హక్కు ఉంటుంది.

30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని రూల్. కాబట్టి "మా దగ్గర అలాంటివి లేవు" అన్న కంపెనీలో కూడా కనుక్కుంటే ఉంటాయి. రిసెప్షన్‌లో కాదు, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి.

ఉప్పల్_ప్రవీణ్

అక్కా, పీఎం ఇంటర్న్‌షిప్ గురించి ఎవరూ చెప్పలేదు. పెద్ద కంపెనీల పేర్లు చూసి దానికే ముందు అప్లై చేద్దామనుకున్నా.

శైలజ_హెచ్‌ఆర్

2024 అక్టోబర్ 3న పైలట్‌గా మొదలైంది. 21 నుంచి 24 ఏళ్లు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు అని పెట్టారు. ఏడాది పాటు నెలకు 5 వేలు, అందులో 4,500 ప్రభుత్వం, 500 కంపెనీ. చేరినప్పుడు ఒకసారి 6 వేలు. మొదటి విడతలో 82 వేలకు పైగా ఆఫర్లు ఇస్తే 28 వేల మందికి పైగా ఒప్పుకున్నారు, చేరినవాళ్లు 8,700 మంది. ఎందుకో నువ్వే చెప్పు. ఎస్సార్ నగర్‌లో షేరింగ్ హాస్టల్‌కే 5 వేలు చాలవు. ఇంటి దగ్గర్నుంచి వెళ్లొచ్చేలా వస్తే మాత్రం బంగారం. నీకు ఉప్పల్‌లో బాబాయి ఇల్లుంది కదా, చర్లపల్లి, పోచారం వైపు వస్తే వదులుకోకు. విడత విడతకూ రూల్స్ మార్చుతారు, అప్లై చేసే రోజు పోర్టల్‌లో ఉన్నదే లెక్క.

కానీ ఏది ముందో చూసుకుని దిగు. న్యాట్స్ గానీ, నైపుణ్య శాఖ నడిపే అప్రెంటిస్‌షిప్ న్యాప్స్ గానీ పూర్తి చేసినవాళ్లకు పీఎం ఇంటర్న్‌షిప్‌లో అవకాశం లేదు. ఒకసారి అప్రెంటిస్ అయినవాళ్లను రెండోసారి తీసుకోమని చాలా నోటిఫికేషన్లలో స్పష్టంగా రాస్తారు. ఒక్కసారే వాడుకునే అవకాశం కాబట్టి ఫొటోకాపీలు తీయించే ఆఫీసులో వృథా చేసుకోవద్దు. నీ బీకాంకు అకౌంట్స్, జీఎస్టీ, పేరోల్ పని ఉన్నచోటే పెట్టుకో.

అడ్మిన్

ఒక పోస్టు తీసేశాం. "ప్రభుత్వ కోటాలో ప్లేస్‌మెంట్, 2,500 రిఫండబుల్ డిపాజిట్" అని ఫోన్ నంబర్‌తో పెట్టారు. పీఎంకేవీవై, డీడీయూజీకేవైలలో అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం ఉండదు. యూనిఫాం అన్నా, పరీక్ష ఫీజు అన్నా, డిపాజిట్ అన్నా అనుమానించండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టేసినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

మాజీ_మొబిలైజర్

దీనికి ఒకటి కలుపుతా. ఒరిజినల్ సర్టిఫికెట్లు సెంటర్‌లో ఇవ్వొద్దు. వెరిఫికేషన్‌కు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. మధ్యలో మానేయకుండా ఉంటారని కొన్ని సెంటర్లు పదో తరగతి మెమో దగ్గర పెట్టుకుంటాయి. స్కీములో అలాంటి నిబంధన ఏదీ లేదు.

ఇంకా, చేరేముందు ఆ సెంటర్ పాత బ్యాచ్ వాళ్లతో మాట్లాడాలని అడగండి. ఫోన్ నంబర్లు ఇవ్వడానికి నసుగుతారు. అప్పుడు మధ్యాహ్నం భోజనం టైమ్‌లో వెళ్లి ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలతో మాట్లాడండి. మూడు ప్రశ్నలు చాలు. సార్ రోజూ వస్తాడా, మిషన్ మీద చెయ్యి పెట్టనిస్తారా, ముందు బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు. అటెండెన్స్ బయోమెట్రిక్ కాబట్టి పొద్దున, సాయంత్రం వేలిముద్ర వేయించి మధ్యలో వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి పిల్లలే చెప్తారు.

లేఆఫ్_అన్న

మీ అందరివీ 20ల్లో కథలు. నాకు 36. ఒక చిన్న ప్యాకేజింగ్ కంపెనీలో సూపర్‌వైజర్‌ను, యూనిట్ మూసేశారు. పిల్లలు చదువుకుంటున్నారు. ఈ స్కీములన్నీ 24, 29, 35 అంటున్నాయి. నాలాంటి వాడికి ఏమైనా ఉందా, లేక ఇంట్లో కూర్చోవడమేనా?

శైలజ_హెచ్‌ఆర్

అన్నా, మీ జీతం నుంచి ఈఎస్ఐ కట్ అయ్యేదా? 21 వేల లోపు జీతమైతే అయి ఉంటుంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఉంది, 2018 నుంచి. ఉద్యోగం పోయినవాళ్లకు సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజుల పాటు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. క్రమశిక్షణ చర్య కింద తీసేసినవాళ్లకు రాదు. గడువు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ముందు ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో మీ నంబర్ చెప్పి అడగండి. మా ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకే ఇది తెలియదు, లేఆఫ్ లెటర్‌తో పాటు చెప్పేవాళ్లను నేను చూడలేదు.

పాతబస్తీ_జాఫర్

భాయ్, ప్యాకేజింగ్ తెలిసినవాడివి, సొంతంగా చిన్నది పెట్టాలనుకుంటే లోన్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ స్కీము చూడు. వయసు పైపరిమితి లేదు, 18 నిండితే చాలు. తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా, సర్వీసుకు 20 లక్షల దాకా. సబ్సిడీ సిటీలో జనరల్ వాళ్లకు 15 శాతం, పల్లెలో పెడితే 25. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు సిటీలో 25, పల్లెలో 35. సొంత పెట్టుబడి 5 లేదా 10 శాతం. స్కీము మంచిదే, కానీ లోన్ ఇచ్చేది బ్యాంకు. మేనేజర్ గారి మూడ్ మీద ఆధారపడుతుంది. నా ఫైలు ఒక బ్రాంచిలో మూలుగుతూ పడి ఉంటే ఇంకో బ్రాంచిలో పని అయింది.

దర్జీ, తాపీ మేస్త్రీ, మంగలి, చాకలి, కమ్మరి పనుల్లో ఉన్నవాళ్లు అయితే పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబర్ 17న వచ్చింది. 18 వృత్తులు. శిక్షణ రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15 వేలు, లోన్ 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షలు.

గ్రంథాలయం_గ్రూప్4

రాజీవ్ యువ వికాసం మర్చిపోయారు. 2025 మార్చిలో ప్రకటించారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఈబీసీలకు 4 లక్షల దాకా యూనిట్లు. 50 వేల లోపు యూనిట్‌కు వంద శాతం సబ్సిడీ.

పాతబస్తీ_జాఫర్

మర్చిపోలేదు. లక్షల మంది అప్లై చేశారు, జూన్ 2న ఇస్తామని వాయిదా వేశారు. డబ్బు చేతికొచ్చినవాడు ఈ వేదికలోకి వచ్చి చెప్పినరోజు దాని గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా లేఆఫ్ భాయ్‌ను దాని మీద ఆశ పెట్టుకోమని చెప్పలేను.

బాలానగర్_టర్నర్

36 ఏళ్ల సూపర్‌వైజర్‌కు కొత్త కోర్సు దేనికి? పని తెలుసు, కాగితం లేదు. ఆర్‌పీఎల్ అని పీఎంకేవీవైలోనే ఉంది. ఇదివరకే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో జీతం ఒక్కసారిగా పెరగదు గానీ పెద్ద ప్లాంటులో దరఖాస్తు పెట్టేటప్పుడు అడ్డం రాదు. అన్నా, జీడిమెట్ల వైపు కార్టన్ యూనిట్లు చాలా ఉన్నాయి. ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, నాకు తెలిసిన రెండు షెడ్లు చెప్తా.

లేఆఫ్_అన్న

పెట్టాను తమ్ముడూ. ఈఎస్ఐ సంగతి మాత్రం ఇప్పుడే విన్నా. కార్డు బీరువాలో ఉండాలి.

కిరాక్_కిషోర్

శైలజ గారూ, మొదటి ఉద్యోగంలో చేరితే కేంద్రం 15 వేలు వేస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా, అదీ టీషర్టేనా?

శైలజ_హెచ్‌ఆర్

ఇది నిజం. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య మొదటిసారి ఈపీఎఫ్‌లో నమోదైనవాళ్లకు, జీతం లక్ష లోపు ఉంటే, ఒక నెల పీఎఫ్ జీతం వరకు, గరిష్ఠంగా 15 వేలు, రెండు వాయిదాల్లో. మొదటిది 6 నెలలు పనిలో ఉన్నాక, రెండోది 12 నెలలయ్యాక ఒక ఆర్థిక అక్షరాస్యత కోర్సు చేస్తే. కంపెనీకి కూడా కొత్తగా తీసుకున్న ఒక్కొక్కరికి నెలకు 3 వేల దాకా ఇస్తారు. కాబట్టి ఫ్రెషర్‌ను తీసుకోవడానికి మా యాజమాన్యాలు ఇప్పుడు మునుపటంత మొహం చిట్లించట్లేదు. ప్రవీణ్, పీఎఫ్ ఖాతా నంబర్ యూఏఎన్‌ను నీ ఫోన్‌లో ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి, ఆధార్‌కు లింకైన నంబర్ పోగొట్టుకోకు. ఏదో ఒక చోట నెల రోజులు పీఎఫ్ కట్టించుకుని మానేస్తే "మొదటిసారి" అనేది అక్కడే ఖర్చయిపోతుంది.

ఉప్పల్_ప్రవీణ్

న్యాట్స్‌లో ప్రొఫైల్ పెట్టాను. ప్రొవిజనల్ అప్‌లోడ్ చేశా, ఒరిజినల్ డిగ్రీ ఇంకా యూనివర్సిటీ నుంచి తీసుకోలేదు. తమ్ముడితో మాట్లాడాను. హాస్పిటల్, షాపింగ్ మాల్ అంటే వాడికి ఇష్టం లేదు. ఐటీఐ అంటే మళ్లీ చదవాలా అంటున్నాడు. జాఫర్ భాయ్ చెప్పిన ఏసీ పని వైపు మొగ్గుతున్నాడు.

శైలజ_హెచ్‌ఆర్

నమోదుకు ప్రొవిజనల్ నడుస్తుంది. చేరేటప్పుడు కొన్ని సంస్థలు ఒరిజినల్ అడుగుతాయి, ఇప్పుడే అప్లై చేసి ఉంచు.

మాజీ_మొబిలైజర్

ఏసీ పనికైతే మీ జిల్లా ఆర్‌సెటీ అనే శిక్షణ కేంద్రంలో కూడా అడగండి. జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడుపుతాయి. హాస్టల్, భోజనం ఉచితం, కొన్ని వారాల కోర్సు. ఉద్యోగం వెతికిపెట్టరు, సొంతంగా పెట్టుకోవడానికి నేర్పుతారు, తర్వాత రెండేళ్లు అప్పుడప్పుడు పలకరించి లోన్‌కు సాయం చేస్తారు. పల్లె పిల్లలకే.

పాతబస్తీ_జాఫర్

ఎక్కడ నేర్చుకున్నా సరే, సంక్రాంతి లోపు శిక్షణ అయిపోయేలా చూసుకో. మార్చి నుంచి జూన్ దాకా ప్రతి మెకానిక్‌కూ ఒక హెల్పర్ కావాలి. అప్పుడు చేరితే ఔట్‌డోర్ యూనిట్ మోస్తూనే గ్యాస్ చార్జింగ్, లీకేజీ, పీసీబీ అన్నీ కళ్లముందే కనిపిస్తాయి. అదే ఏప్రిల్‌లో శిక్షణ మొదలుపెడితే నేర్పే ఉస్తాద్ కూడా బయట పని మీదే ఉంటాడు. ఎత్తులో పని, నడుముకు బెల్టు లేకుండా నాలుగో అంతస్తు గోడ మీదికి ఎక్కించేవాడి దగ్గర మాత్రం వద్దు. బైక్ లైసెన్స్ ఉందా వాడికి?

ఉప్పల్_ప్రవీణ్

లెర్నింగ్ ఉంది భాయ్. మీకు మెసేజ్ పెడదామంటే పోవట్లేదు.

అడ్మిన్

ప్రవీణ్ గారూ, కొత్త సభ్యులకు ప్రైవేట్ మెసేజ్ వారం తర్వాతే తెరుచుకుంటుంది. జాఫర్ గారు మీకు పెడితే మీరు జవాబివ్వొచ్చు.

పాతబస్తీ_జాఫర్

పెట్టిన. లైసెన్స్ పర్మనెంట్ చేయించమను, టూల్ బ్యాగ్ నేను చూస్తా.